రెండో కడ్డీ

మార్చి 9, సోమవారం

ముందు ఒక మాట రాసుకోవాలి. తప్పు ఈరవ్వది.

శివరాత్రికి ముందు, సీజన్ తొలి బట్టీ పెట్టిన రోజున ఆమె వేళకు వచ్చి ఉంటే ఇవ్వాళ బోధన్‌లో ఎవరి చెయ్యీ విరిగేది కాదు. మా ఫౌండ్రీలో పద్ధతి అట్లా ఏడ్చింది. ఏటా చెరుకురసం మిషన్లకు పుల్లీలు పోసే తొలిరోజు, ఓనరు రాజేశ్వర్ సార్ వాళ్ళమ్మ ఈరవ్వ బాల్కొండ నుంచి వచ్చి కొబ్బరికాయ కొట్టి, కాగుతున్న లోహం మీద చిటికెడు బండారి చల్లాలి. ఆమె పసుపు పడేదాకా ఎవరూ పోత పోసే పెద్ద గరిటె ముట్టరు. పడ్డాక ఆ లోహంలో ఇంకేమీ వేయరు. వేస్తే అవ్వ చల్లింది చాలలేదన్నట్టు. ఆ రోజు ఆమె కారు హైవే మీద ఆగింది. టైరో, ఇంకేదో. లోహం కాగుతూ కూర్చుంది, మేం చూస్తూ కూర్చున్నాం.

పొద్దున సార్ ఫోన్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. బోధన్ బస్టాండ్ దగ్గర తారాబాయి అని ఒకామె రసం బండి నడుపుతుందట. మిషన్ తిరుగుతుండగా మా పుల్లీ పగిలి, ముక్క ఎగిరి ఆమె కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. రెండు వేళ్ళు కదలడం లేదంటున్నారు.

"వర్షమ్మా, గా లాటు చూసి పాస్ చేసింది నువ్వే గదా?"

"నేనే సార్. కడ్డీ విరిచి చూసిన. మంచిగుండె."

అబద్ధం కాదు. పోసే ముందు నమూనాగా చిన్న కడ్డీ పోసి, సుత్తితో విరిచి, విరిగిన చోటు చూడటం నా ఉద్యోగం. లోపల సన్నగా, పట్టులా ఉంటే మంచిది. గాజుపెంకుల్లా మెరిస్తే చెడ్డది. విరిచాను. మంచిగానే ఉంది.

మార్చి 10

పగిలిన పుల్లీ వచ్చింది. ఒక మూల కోసి, నున్నగా చేసి, మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఈ మైక్రోస్కోప్ ఏదో మోటార్ కంపెనీ వాళ్ళు తనిఖీకి వస్తామంటే సార్ కొన్నది. వాళ్ళు రాలేదు. దాని మీద టవల్ కప్పేదీ తీసేదీ నేనే.

చూడగానే తెలిసిపోయింది.

నాకు తెలిసిందే నాకు రాసుకుంటున్నాను, రేపెప్పుడైనా తెలియదని అనుకోకుండా. అల్యూమినియంలో నూటికి పన్నెండు పాళ్ళ చిల్లర సిలికాన్ కలిపితే, ఆ రెండూ విడివిడిగా కరిగే వేడి కంటే తక్కువ వేడికే కరుగుతాయి. చల్లబడేటప్పుడు ఒకే వేడి దగ్గర రెండూ కలిసి గడ్డకడతాయి. యూటెక్టిక్ అంటారు. వరంగల్‌లో చదివేటప్పుడు ఈ మాటంటే నాకు పిచ్చి ప్రేమ. నీళ్ళలా ఒక్కటిగా ఉన్నది, గడ్డకడుతూ గడ్డకడుతూ పక్కపక్కనే రెండుగా పెరుగుతుంది. ఆ పెరిగే తీరును బట్టే దాని బలం. ఏమీ వేయకపోతే సిలికాన్ రేకుల్లా పెరుగుతుంది, అప్పడాలు విరిచి పిండిలో కలిపినట్టు. అంచులన్నీ పదును. దెబ్బ తగిలితే పగులు ఆ రేకుల వెంబడి పరుగెత్తుతుంది. పోసే ముందు కాస్త సోడియం మందు వేస్తే, అదే సిలికాన్ సేమియాలా సన్నగా కొమ్మలు వేస్తుంది. పగులుకు తిన్నని దారి దొరకదు.

కానీ సోడియం నిలిచేది కాదు. కాగే లోహంలోంచి ఎగిరిపోతూ ఉంటుంది. మందు వేశాక తొందరగా పోసేయాలి. ఆలస్యమైతే మళ్ళీ వేయాలి.

అద్దం కింద అన్నీ రేకులే. ఒక్క కొమ్మ లేదు. అందంగా ఉన్నాయి. సిగ్గులేకుండా ఈ మాట కూడా రాస్తున్నాను.

"ఏం గనవడుతుంది?" అన్నాడు సార్.

"మందు తక్కువైనట్టుంది సార్."

ఎందుకు తక్కువైందని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. మా దగ్గర మందు వేసేది లింబన్న ఒక్కడే.

మార్చి 11

లింబన్నను పనిలోంచి తీసేశారు.

మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. ఆకలి లేదనుకున్నాను. సాయంత్రం మాత్రం ప్లేటు నిండా మిర్చిలు తిన్నాను.

మార్చి 12

లింబన్న తన టవలూ చెప్పులూ తీసుకుపోవడానికి వచ్చాడు. గేటు దగ్గర నన్ను ఆపాడు. ఈ ఫౌండ్రీలో నేను చేరిన కొత్తలో, బట్టీ దగ్గర నా చున్నీ అంటుకుంటే చేత్తో ఆర్పిన మనిషి.

"మేడం, మందు నేను తక్కువెయ్యలే. జోకి వేసిన. నువ్వు పక్కపొంటే ఉంటివి."

"తెలుసు లింబన్నా. సార్‌తో మాట్లాడుత."

"వద్దు. తప్పు నాదే." గొంతు తగ్గించాడు. "నవీపేట్ల మా పాలోళ్ళ పెద్దాయన సచ్చిపోయిండు. మైల వడ్డది. దినాలు అయ్యేదాక నేను బట్టీ ముట్టొద్దు. సెప్తే అవ్వ రానియ్యదు, సీజన్ల పనివోతదని మూసుకొని వచ్చిన. గా మైల చేత్తోనే మందేసిన. అవ్వ బండారి సల్లితే మాత్రం గది ఊకుంటదా? గా అక్క చెయ్యి దీస్కవాయె."

సోడియంకు మైలా లేదు, శుచీ లేదు అనే మాట నోటిదాకా వచ్చింది. "గట్లేం కాదు లింబన్నా" అన్నాను. అక్కడే ఆగిపోయాను. దేనివల్ల కాదో చెప్పాలంటే దేనివల్లో కూడా చెప్పాలి.

ఆయన చెప్పులు చేతిలో పట్టుకునే వెళ్ళిపోయాడు. గేటు మూసుకున్నాక నాకు హాయిగా అనిపించింది. ఒక్క క్షణం. నిజంగా హాయి. ఇంత నీచంగా ఎప్పటి నుంచి ఉన్నానో తెలియదు.

మార్చి 14

ఈరవ్వ ఆలస్యం చేసిందని రాశాను. అది నిజమే. అయితే ఆలస్యమైనప్పుడు ఏం చేయాలో తెలిసింది ఈరవ్వకు కాదు. మొదటి కడ్డీ ఆమె రాకముందు, మందు వేయగానే విరిచింది. ఆమె వచ్చాక, పోసే ముందు నేను రెండో కడ్డీ విరిచి చూడాల్సింది. విరవలేదు. హడావుడిలో మర్చిపోయాను. పూజలో అందరం ఉన్నాం, ప్రసాదం పంచుతున్నారు, మర్చిపోయాను. మనిషన్నాక మర్చిపోతారు.

ఇది రాశాక కాస్త తేలిక పడింది. ఇంతే నా తప్పు.

మార్చి 16

సార్ ఇవ్వాళ ఉషారుగా ఉన్నాడు.

"తారాబాయికి దవాఖాన ఖర్చు ఇచ్చిన. కొత్త పుల్లీ గూడ ఫ్రీగ పంపిన, బండి ఆగొద్దని. మన దగ్గర మానవత్వం ఉంటది వర్షమ్మా."

"ఏ లాటు సార్, పంపింది?"

"గోడౌన్ల ఉన్నదాంట్లకెల్లే. లింబడు ఒక్క పుల్లీకి మందు తక్కువేస్తే అన్నీ ఖరాబైతయా?"

మందు పుల్లీ పుల్లీకి వేయరు. లోహం కాగే మూస మొత్తానికి వేస్తారు. ఆయనకు అది తెలియదు, నాకు తెలుసు. గోడౌన్‌లో ఉన్న పుల్లీలన్నీ ఆ తొలిరోజువే. ఆ తర్వాత మేం పోసినవన్నీ మోటార్ మూతలు.

నేను "మంచిది సార్" అన్నాను.

మార్చి 17

అన్నీ పగలవు. తొందరగా చల్లబడిన చోట రేకులు కూడా చిన్నవిగా ఏర్పడతాయి. సన్నని అంచు ఉన్న చోట అచ్చు తొందరగా వేడి లాగేస్తుంది. కాబట్టి కొన్ని పుల్లీలు పదేళ్ళు తిరిగినా తిరుగుతాయి. ఇది నా ఊహ కాదు, పుస్తకాల్లో ఉన్నదే. శాస్త్రం నా వైపే ఉంది.

మార్చి 18

శాస్త్రం నా వైపు ఉంటే నాకెందుకు నిద్ర పట్టదు?

మార్చి 19

ఉగాది. అమ్మ పంచాంగం చదివించుకుని వచ్చింది. ఈ ఏడు నాకు రాజపూజ్యం ఆరు, అవమానం ఒకటి అట. అమ్మ సంతోషం చూడాలి. పచ్చడి రెండుసార్లు పెట్టింది. వేపపువ్వు ఎక్కువైందని తిట్టాను, పాపం.

మార్చి 20

రాసేస్తాను. తేలు కుట్టిన దొంగలాగా ఎన్నాళ్ళు తిరుగుతాను. ఇది చదివేదాన్ని నేనొక్కదాన్నే, ఇక్కడ కూడా అబద్ధమాడితే ఇంకెక్కడ నిజం చెబుతాను.

మర్చిపోలేదు. రెండో కడ్డీ విరిచాను.

ఈరవ్వ వచ్చింది, కాళ్ళు కడుక్కుంది, కాయ కొట్టింది, బండారి చల్లింది. లోహం మీద పసుపు చిటుక్కున మాడి పొగ లేచింది. అందరూ దండం పెట్టారు. లింబన్న గరిటెలు తేవడానికి వెనక్కి తిరిగాడు. నేను అలవాటుగా చిన్న గరిటెతో కాస్త లోహం తీసి కడ్డీ పోసి, నీళ్ళలో ముంచి, మూలకు తీసుకుపోయి విరిచాను.

తళతళ మెరిసింది.

మందు ఎగిరిపోయిందని అక్కడే తెలిసింది. చేయాల్సిందీ తెలుసు: "ఆగుండ్రి, మళ్ళ మందెయ్యాలె" అనాలి. అంతే. మూడు మాటలు.

నిరుడు ఇట్లాగే అన్నాను. లోహంలో గాలి బుడగలున్నాయని బండారి పడ్డాక పోత ఆపించాను. ఈరవ్వ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. వారం తిరగకుండా ఒకతని కాలు కాలితే, అది నేను ఆపడం వల్లేనన్నారు. అప్పటి నుంచి నా వెనక నన్ను ఏమని పిలుస్తారో నాకు తెలుసు. ఈసారి మాత్రం అందరితో పాటు ప్రసాదం తినాలనిపించింది. ఈరవ్వ నా తల మీద చెయ్యి పెట్టి "నా బిడ్డ సల్లగుండ" అంది అప్పుడే. ఆ చెయ్యి ఇంకా నా తల మీదే ఉన్నట్టుంది. ఎట్లా అనను?

విరిగిన రెండు ముక్కలూ ఎవరూ చూడకుండా మూసలోనే వేశాను. క్షణంలో కరిగిపోయాయి. బండారి పడ్డాక ఏమీ వేయరాదన్నారు కదా. నేను వేశాను.

"కానియ్యి లింబన్నా" అన్నాను.

మార్చి 21, శనివారం

పొద్దున్నే బోధన్ బస్సెక్కాను. తారాబాయిని చూసి, ఆ కొత్త పుల్లీ ఏదో వంక చెప్పి తీసుకొచ్చేద్దామనుకున్నాను. వంక. దారి పొడుగునా అదే వెతుక్కున్నాను. కంపెనీ కొత్త డిజైన్ చేసింది అందామా, సైజు తేడా వచ్చింది అందామా అని.

బండి బస్టాండ్ గోడ పక్కన ఉంది. తారాబాయి స్టూలు మీద కూర్చుని ఎడమచేత్తో డబ్బులు తీసుకుంటోంది. కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. మిషన్‌లోకి చెరుకు తోస్తున్నది లింబన్న.

గుండు కొట్టించుకున్నాడు. ముందు గుర్తుపట్టలేదు.

"ఓ మేడం!" అని నవ్వాడు. "రా, కూసో. అక్కా, నేను సెప్పలే, మా సదువుకున్న మేడం, గీమెనే."

తారాబాయి నన్ను కింది నుంచి పై దాకా చూసి స్టూలు జరిపింది. "బస్ బిడ్డా, బస్" అంది, కూర్చోమని. ఆమెది మరాఠీ కలిసిన మాట.

"నువ్వేంది లింబన్నా ఇక్కడ?"

"అక్క చెయ్యి మంచిగయ్యేదాక వస్త. నా పాపం నేను కడుక్కోవాలె గదా."

ఆయన నడుము పక్కనే, జానెడు దూరంలో, ఆ కొత్త పుల్లీ తిరుగుతోంది. దాని ముందుండే రేకు అడ్డం ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. బెల్టు గట్టిగా బిగించారు. బెల్టు బిగువుకు పుల్లీ అంచు మీద ఎంత లాగుడు పడుతుందో నాకు తెలుసు. లింబన్న చెరుకు మడిచి మళ్ళీ పెట్టినప్పుడల్లా మోటారు మూలుగుతోంది.

లేచి స్విచ్ ఆపేశాను.

గ్లాసుల కోసం నిలబడ్డ వాళ్ళు గొణిగారు. "ఏమాయె పిల్లా?" అంది తారాబాయి.

"ఈ పుల్లీ కూడా అదే లాటు అక్కా. ఇది కూడా పగుల్తది. తీసెయ్యాలె."

తారాబాయి స్టూలు మీంచి లేచి దూరంగా జరిగింది. లింబన్న గుండు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నా మైల గీడిదాక వచ్చిందా?"

"మైల కాదు లింబన్నా. నీ తప్పు ఏం లేదు. తప్పు నాది."

ఆయన నన్ను చూసిన చూపు రాయలేను. జాలి. నా మీద జాలి.

"నువ్వు మంచిదానివి మేడం. ఒగలి పాపం ఒగలు మొయ్యరు. నా మీద కనికరంతోని నీ నెత్తిమీదేసుకుంటున్నవ్." తారాబాయి వైపు తిరిగాడు. "గిసోంటి మనిషి గీమె."

"దేవ్ భలా కరో" అని దీవించింది తారాబాయి. మిషన్ కింద గిన్నెలో ఉన్న రసం వడగట్టి, అల్లం, నిమ్మకాయ పిండి, ఎడమచేత్తో గ్లాసు నాకు అందించింది. అలవాటు లేని చెయ్యి, కొంచెం ఒలికింది.

ఆ గ్లాసు తాగేసి ఉండొచ్చు. పుల్లీ ఆగిపోయింది, ఇక ఎవరికీ దెబ్బ తగలదు. తప్పు నాదని చెప్పాను కూడా. వాళ్ళు నమ్మకపోతే నేనేం చేయను? మంచిదాన్ననిపించుకుని బస్సెక్కొచ్చు. ఆ పని చేయబోయాను. గ్లాసు నోటిదాకా తీసుకుపోయాను.

"లింబన్నా, అవ్వ బండారి సల్లినంక నేను ఇంకో కడ్డీ విరిసిన."

"ఇంకోటా?"

"నువ్వు గరిటెలకు పోయినవ్ అప్పుడు. మెరిసింది. మందు ఎగిరిపోయిందని తెలిసింది."

"తెలిసిందా?"

"తెలిసింది. ముక్కలు మళ్ళ మూసల్నే వేసి, నిన్ను పొయ్యమన్న."

చేతిలో ఉన్న చెరుకుగడ కింద పెట్టాడు.

"నేను నవీపేట్ వోయి పదిమంది ముంగట తప్పొప్పుకున్న" అన్నాడు. "మా తమ్ముడు నాతోని మాట్లాడుతలేడు. ఈ అక్క కాళ్ళు మొక్కిన."

నేను గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాను.

"గేటు కాడ నీతోని అంత సెప్పుకుంటి. విన్నవ్ గదా?"

"విన్న."

"విని ఊకున్నవ్."

"ఊకున్న."

"అరే దేవా" అంది తారాబాయి, మెల్లగా. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని పక్కనున్న వాడికి ఇచ్చేసింది.

లింబన్న బకెట్‌లో చేతులు కడుక్కున్నాడు. మోచేతుల దాకా కడుక్కున్నాడు. టవల్ భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా ఆమెతో అన్నాడు: "అక్కా, రేపటి సంది నేను రాను. గీమెను రమ్మను."

మార్చి 22

సార్ ఇంటికి వెళ్ళి చెప్పాను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరిచాడు. అరిచి అరిచి కూర్చుండిపోయాడు. తర్వాత ఇద్దరం కలిసి దుకాణాలన్నిటికీ ఫోన్లు చేశాం. నందిపేట్‌లో ఒకాయన "మంచిగ తిరుగుతున్నదాన్ని ఎందుకు ఇప్పాలె" అని వాదించాడు. సార్ ఆయన మీద కూడా అరిచాడు. సాయంత్రానికి ఆటోలు బయల్దేరాయి. లింబన్నను మళ్ళీ పనికి పిలిచారు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదట.

"నువ్వు రేపటి నుంచి రాకు" అన్నాడు నాతో.

గుమ్మం దిగుతుంటే లోపల్నుంచి ఈరవ్వ వచ్చింది. పండక్కి వచ్చి ఇక్కడే ఉందట. అంతా విన్నది.

"నీకు బయమైతే నా చెవుల సెప్పకపోతివా బిడ్డా" అంది. "మల్ల మందెయ్యుండ్రి అంటుంటి. ఇంకింత బండారి సల్లుతుంటి. గంతనే గదా?"

గంతనే.

మార్చి 23

లేవలేదు.

మార్చి 25, బుధవారం

బోధన్ వెళ్ళాను. తారాబాయి నన్ను చూసి రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. పుల్లీ విప్పేసిన మిషన్‌కు పాత చేతిచక్రం బిగించి ఉంది. చెరుకుగడల మోపు కాలితో నా వైపు నెట్టింది.

తిప్పడం నేననుకున్నంత సులువు కాదు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక గడ అడ్డంగా పెట్టి ఇరికించాను. "సీదా పెట్టు, సీదా" అని కసిరింది. అన్నం వేళకు తన డబ్బా తను విప్పుకుంది, ఎడమచేత్తో ముద్ద కలపలేక చెంచాతో తింది. నేను అటు చూడకుండా గ్లాసులు కడిగాను.

ఎండ తగ్గాక ఒక రైతు వచ్చాడు. ఎప్పుడూ వచ్చేవాడిలాగే ఉంది, ఆమె చెయ్యి ఎట్లుందని అడిగాడు. తర్వాత నన్ను చూశాడు.

"గీ పిల్లెవరు తారక్కా? నీ బిడ్డనా?"

తారాబాయి గ్లాసులో రసం పోస్తూ తల ఎత్తకుండా చెప్పింది.

"కాదు. నా చెయ్యి ఇరగ్గొట్టింది గిదే."

ఆయన నా వైపు తిరిగాడు, నేను కాదంటానేమోనని. నేను అవునని తలూపి, పిండిన గడ మడిచి మళ్ళీ పెట్టి, చక్రం తిప్పాను.